గోడకు ఒక్క కిటికీ చాలు: పీహెచ్‌పీ సైటునూ జావా సర్వర్‌నూ కలపడం గురించి

ఈమధ్య ఒక డిజైన్ పత్రం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. వెబ్‌సైటు, వెబ్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ భాషలోనే ఉంటుందట. ఆర్డర్లూ స్టాకూ బిల్లింగూ చూసుకునే జావా సర్వర్‌లోని క్లాసులను పీహెచ్‌పీ నేరుగా పిలుచుకుంటుందట. వినడానికి బాగుంటుంది. పాత కోడు ముట్టుకోనక్కర్లేదు, మధ్యలో ఇంకో పొర రాయనక్కర్లేదు. ఆ "నేరుగా" అన్న మాటతోనే నాకు పేచీ.

పీహెచ్‌పీకీ జావా సర్వర్‌కీ మధ్య ఒక గోడ ఉంది. దాన్ని కూల్చకుండా ఒక్క కిటికీ పెట్టుకోవాలి. ఆ కిటికీలోంచి వెళ్లే ప్రతి పిలుపూ తనంతట తానే ఒక పూర్తి పని కావాలి: ఈ ఆర్డరు తీసుకో, ఈ కస్టమరు బకాయి చెప్పు, ఈ బిల్లు రద్దు చెయ్యి. ఆబ్జెక్టు తెరువు, ఈ విలువ పెట్టు, ఆ మెథడ్ పిలువు, ఇక సేవ్ చెయ్యి అంటూ ముక్కలుగా వెళ్తే ఏదో ఒక ముక్క దగ్గర తెగుతుంది. తెగినప్పుడు సగం పని ఎవరి చేతిలో ఉండిపోయిందో రెండువైపులా ఎవరూ చెప్పలేరు.

ఒకటి మరిచిపోతుంది, ఒకటి గుర్తుపెట్టుకుంటుంది

పీహెచ్‌పీ బలమంతా దాని మతిమరుపులో ఉంది. రిక్వెస్టు వస్తుంది, స్క్రిప్టు లేస్తుంది, పేజీ ఇస్తుంది, మెమరీ మొత్తం తుడిచేసి వెళ్లిపోతుంది. ఒక పేజీలో జరిగిన తప్పు పక్క పేజీకి అంటదు. జావా సర్వర్ స్వభావం వేరు. ఒకసారి లేచిందంటే నెలల తరబడి నడుస్తుంది; కనెక్షన్ పూల్ (ముందే తెరిచి ఉంచిన డేటాబేస్ కనెక్షన్లు), కాష్ (చేతికందేలా దాచుకున్న నకళ్లు), సగంలో ఉన్న ట్రాన్సాక్షన్లు, అన్నీ పట్టుకుని కూర్చుంటుంది. ఈ రెంటినీ ఒకే ప్రోగ్రాములా కుట్టాలని చూసిన ప్రయత్నాలు చాలానే ఉన్నాయి. పీహెచ్‌పీ 4తో పాటే జావా ఎక్స్‌టెన్షన్ ఉండేది, పీహెచ్‌పీ 5 నాటికి అది పెకల్ అనే విడి ఎక్స్‌టెన్షన్ల గోదాముకు పోయింది. ఆ తర్వాత పీహెచ్‌పీ కోడు నుంచి జావా క్లాసులను పిలవనిచ్చే పీహెచ్‌పీ/జావా బ్రిడ్జి వచ్చింది. అటువైపు నుంచి కౌచో సంస్థ క్వెర్కస్ పేరుతో పీహెచ్‌పీనే జావాలో తిరగరాసింది. జావాలో స్క్రిప్టింగ్ భాషలకు చోటిచ్చిన జేఎస్‌ఆర్ 223 అనే ప్రమాణం కూడా 2003లో వెబ్ పేజీల స్క్రిప్టింగును దృష్టిలో పెట్టుకునే మొదలైంది. 2006 చివర్లో జావా 6తో బయటికి వచ్చేటప్పటికి పక్కన కూర్చున్నది మాత్రం రైనో అనే జావాస్క్రిప్ట్ ఇంజిను.

ఇవి రాసినవాళ్లు గట్టి ఇంజినీర్లు, ఆ పని చిన్నది కాదు. కానీ మతిమరుపునూ జ్ఞాపకాన్నీ ఒకే వాక్యంలో కలపడం ఎంత కష్టమో శాప్ అనే వ్యాపార సాఫ్ట్‌వేర్‌తో పని చేసిన వాళ్లకు బాగా తెలుసు. శాప్‌లో ఆర్డరు సృష్టించే బాపీని (బయటి ప్రోగ్రాములు పిలిచేందుకు శాప్ ఇచ్చే ఫంక్షన్‌ను) పిలిస్తే ఆర్డరు నంబరు వచ్చేస్తుంది. డేటాబేస్‌లోకి మాత్రం ఇంకా ఏమీ వెళ్లదు. మార్పులను ఖాయం చేసే కమిట్ బాపీని కూడా అదే కనెక్షన్ మీద పిలవాలి. పీహెచ్‌పీలో ఒక్కో బాపీకి ఒక్కో హెల్పర్ ఫంక్షన్ రాసి, ప్రతి ఫంక్షనులో కొత్త కనెక్షన్ తెరిచారనుకోండి: మొదటి దాంట్లో ఆర్డరు పుడుతుంది, రెండో దాంట్లో ఖాళీగా కమిట్ అవుతుంది. కస్టమరుకు నంబరుతో సహా మెయిల్ వెళ్తుంది. శాప్‌లో వెతికితే ఆ నంబరు ఉండదు. పైగా బాపీలు మామూలుగా ఎక్సెప్షన్ విసరవు. రిటర్న్ టేబుల్‌లో 'ఈ' (ఎర్రర్) గానీ 'ఏ' (అబార్ట్) గానీ ఉన్న వరుస ఉందేమో మనమే చూసుకోవాలి. అది చూడని కోడులో లాగ్ అంతా శుభ్రంగా ఉంటుంది, ఆర్డర్లు మాత్రం ఉండవు.

బ్రిడ్జి లెక్క

బ్రిడ్జిలో ఒక జావా ఆబ్జెక్టు పీహెచ్‌పీ చేతికి వచ్చిందంటే వచ్చింది దాని నీడ మాత్రమే. నీడ మీద పిలిచే మెథడ్ అవతలికి వెళ్లి జవాబు తెచ్చుకోవాలి. 500 ఆర్డర్ల జాబితా, ఒక్కో దాని మీద ఆరు గెటర్లు (విలువ తెచ్చే మెథడ్లు): 3,000 రాకపోకలు. ఒక్కోదానికి 0.4 మిల్లీసెకను వేసుకున్నా 1.2 సెకన్లు పేజీలోంచి ఊరికే పోతాయి. అదే జాబితా ఒక్క జేసన్ (డేటాను అక్షరాలుగా రాసే పద్ధతి) జవాబుగా వస్తే రాకపోక ఒక్కటే. లూపు రాసినవాడికి అది మామూలు పీహెచ్‌పీ లూపులాగే కనిపిస్తుంది కాబట్టి 10 ఆర్డర్లున్న టెస్ట్ సర్వర్‌లో ఎవరికీ అనుమానం రాదు.

ఇంకో సంగతి దీనికంటే చెడ్డది. సెట్టింగును బట్టి, మెథడ్ తిరిగిచ్చే బూలియన్ కూడా నీడ ఆబ్జెక్టుగానే రావచ్చు. పీహెచ్‌పీలో ఇలాంటి ఆబ్జెక్టు ఎప్పుడూ నిజమే. అంటే ఖాతా స్తంభించి ఉందా అని అడిగితే జావా కాదన్నా ఇఫ్ లోపలికి వెళ్లిపోతుంది. విలువగా మార్చే జావా_వాల్యూస్ ఫంక్షన్‌లో చుడితేనే సరైన జవాబు. ఒక్క చోట చుట్టడం మరిచిపోతే ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు.

భద్రత విషయంలో నాకు సందేహమే లేదు. టామ్‌క్యాట్ అనే జావా వెబ్ సర్వర్‌లో బ్రిడ్జి వార్ ఫైలు (జావా వెబ్ అప్లికేషన్ మూట) పడేసి 8080 పోర్టు బయటికి తెరిచి ఉంచితే, ఎవరైనా వచ్చి ఏ జావా క్లాసునైనా పిలవచ్చు, ఆపరేటింగ్ సిస్టం కమాండ్లు నడిపే రన్‌టైమ్ క్లాసుతో సహా. పీహెచ్‌పీ వైపేమో పాత గైడ్లు చాలావరకు బ్రిడ్జి ఫైలును హెచ్‌టీటీపీ చిరునామా నుంచి ఇంక్లూడ్ చెయ్యమంటాయి. అందుకు అలౌ_యూఆర్‌ఎల్_ఇంక్లూడ్ ఆన్ చెయ్యాలి. 7.4లో పీహెచ్‌పీ ఆ సెట్టింగునే డిప్రికేట్ చేసింది, అంటే ఇక వాడొద్దంది.

డేటాబేస్ దొడ్డిదారి

బ్రిడ్జి వద్దన్నవాళ్లు చాలామంది ఆ తర్వాత అడిగేది ఇదే: జావా వాడుతున్న డేటాబేస్‌లోకే పీహెచ్‌పీ కూడా వెళ్తే ఏం పోతుంది? చదవడానికైతే, వేరే యూజరుతో, ఎంపిక చేసిన వ్యూల మీద మాత్రమే అయితే, నేను ఒప్పుకుంటాను. రాయడానికి ఒప్పుకోను.

జావాను డేటాబేస్‌తో కలిపే హైబర్నేట్ లైబ్రరీ రెండో స్థాయి కాష్ వాడుతుంటే పీహెచ్‌పీ మార్చిన ధర జావాకు తెలియదు. వెర్షన్ కాలమ్ (ప్రతి మార్పుకూ పెరిగే అంకె) పెట్టుకున్న టేబుల్‌లో పీహెచ్‌పీ విలువ మార్చి, వెర్షన్ అంకె పెంచకపోతే, అదే వరుసను ముందే చదివి ఉంచుకున్న జావా దర్జాగా పాత విలువను తిరిగి రాసేస్తుంది. కాపాడాల్సిన తాళం పని చెయ్యదు. జావా డేటాబేస్ ప్రమాణమైన జేపీఏలో, కొత్త నంబర్లిచ్చే సీక్వెన్స్ జనరేటర్ మామూలుగా 50 నంబర్లను ఒక గుత్తిగా తీసుకుంటుంది. టేబుల్‌లో ఆఖరి నంబరు 60, జావా చేతిలో ఇంకా 61 నుంచి నంబర్లు మిగిలి ఉన్నాయి. ఈలోగా పీహెచ్‌పీ గరిష్ఠానికి ఒకటి కలిపి 61 వేసుకుంటుంది. కాసేపటికి జావా తన 61 వెయ్యబోయి ప్రైమరీ కీ దగ్గర పడిపోతుంది. తప్పు చేసింది ఒకరు, లాగ్‌లో పేరు ఇంకొకరిది.

ఆగిపోయిన జావా, కూలిపోయిన సైటు

నా ఉద్దేశంలో ఈ కలయికలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది టైమౌట్లు పట్టించుకోకపోవడం. పీహెచ్‌పీ స్క్రిప్టులను నడిపే ఎఫ్‌పీఎంలో, ఒకసారికి ఒక్క రిక్వెస్టే చూసే వర్కర్లు 50 మంది ఉన్నారనుకుందాం. జావా 200 మిల్లీసెకన్లలో జవాబిస్తుంటే సెకనుకు 250 రిక్వెస్టులు సాగుతాయి. జావా వెనక డేటాబేస్‌లో ఏదో లాక్ పడి జవాబు 10 సెకన్లు పట్టిందంటే, సెకనుకు అయిదు. క్షణాల్లో 50 మందీ జావా ముందు చేతులు కట్టుకుని నిలబడతారు. జావాతో సంబంధమే లేని "మా చిరునామా" పేజీ కూడా రాదు. సీపీయూ చూస్తే రెండు శాతం కూడా ఉండదు, అందుకే మొదటి గంట అంతా నెట్‌వర్క్ వాళ్లను అనుమానించడంలో పోతుంది.

మ్యాక్స్_ఎగ్జిక్యూషన్_టైమ్ 30 సెకన్లు పెట్టాం కదా అనుకుంటారు. లినక్సులో ఆ లెక్క స్క్రిప్టు స్వయంగా నడిచిన సమయానికే. నెట్‌వర్క్ జవాబు కోసం ఎదురుచూసిన సమయం అందులోకి రాదు. హెచ్‌టీటీపీ పిలుపులకు వాడే పీహెచ్‌పీ కర్ల్‌లో కనెక్షన్‌కు డిఫాల్టు గడువు 300 సెకన్లు, మొత్తం పిలుపుకు గడువే లేదు. సోప్ (ఎక్స్‌ఎంఎల్ సందేశాలతో పిలిచే పద్ధతి) క్లయింటులో కనెక్షన్_టైమౌట్ పెడితే అది తలుపు తట్టడానికే. లోపలినుంచి జవాబు రావడానికి డిఫాల్ట్_సాకెట్_టైమౌట్ వర్తిస్తుంది, అది 60 సెకన్లు.

నేను నమ్మే అమరిక ఇలా ఉంటుంది. జావాలో ట్రాన్సాక్షన్ గడువు 4 సెకన్లు. కర్ల్‌లో కనెక్షన్‌కు 1, మొత్తానికి 5. ఎఫ్‌పీఎం రిక్వెస్ట్_టెర్మినేట్_టైమౌట్ 20. ముందుండే వెబ్ సర్వర్ ఎన్‌జిన్‌ఎక్స్‌లో ఫాస్ట్‌సీజీఐ_రీడ్_టైమౌట్ 30. లోపలివాడే ముందు చేతులెత్తెయ్యాలి. ఇది తారుమారై, పీహెచ్‌పీ 5 సెకన్లకు వదిలేసి జావా 40 సెకన్లదాకా పని చేస్తూ పోతే, కొనేవాళ్లకు "మళ్లీ ప్రయత్నించండి" అని కనిపిస్తుంది, ఆర్డరు మాత్రం పడుతుంది. వాళ్లు మళ్లీ నొక్కుతారు. రెండు ఆర్డర్లు. జావాను తాకే పేజీలకు 15 మంది వర్కర్లతో వేరే పూల్ పెడితే మిగతా సైటైనా నిలబడుతుంది.

రెండు ఆర్డర్ల సమస్యకు టైమౌట్ ఒక్కటే మందు కాదు, ఎందుకంటే జవాబు దారిలో పోయినప్పుడు పని జరిగిందో లేదో పీహెచ్‌పీకి తెలిసే మార్గమే లేదు. ఫారం గీసేటప్పుడే ఒక ప్రత్యేక సంఖ్య పుట్టించి దాచిన ఫీల్డులో పెట్టాలి. ఫారం వచ్చాక పుట్టిస్తే ప్రతి నొక్కుకూ కొత్త సంఖ్య వస్తుంది, ప్రయోజనం పోతుంది. జావా ఆ సంఖ్యను యూనిక్ నియమం (ఒకే విలువ రెండుసార్లు రాకూడదు) ఉన్న టేబుల్‌లో, ఆర్డరు రాసే ట్రాన్సాక్షన్‌లోనే రాయాలి. అదే సంఖ్య రెండోసారి వస్తే మొదటి జవాబునే తిరిగిస్తుంది.

సెషన్ తాళం సంగతి చాలామందికి తట్టదు. పీహెచ్‌పీ సెషన్లు ఫైళ్లలో ఉన్నప్పుడు సెషన్_స్టార్ట్ ఆ ఫైలుకు తాళం వేస్తుంది, స్క్రిప్టు ముగిసేదాకా తియ్యదు. జావా పిలుపు 5 సెకన్లు పడితే అదే మనిషి ఇంకో ట్యాబులో తెరిచిన పేజీ కూడా 5 సెకన్లు ఆగుతుంది. జావాను పిలిచే ముందు సెషన్_రైట్_క్లోజ్ ఒక్క వరుస చాలు.

రూపాయలు, తేదీలు, తెలుగు పేర్లు

కిటికీ పెట్టాక, అందులోంచి వెళ్లే సరుకు మీద శ్రద్ధ కావాలి. జావాలో బిగ్‌డెసిమల్‌గా భద్రంగా ఉన్న 19.99, జేసన్‌లో అంకెగా వచ్చి పీహెచ్‌పీలో ఫ్లోట్ (ఉజ్జాయింపు దశాంశం) అవుతుంది. దాన్ని 100తో హెచ్చవేసి పూర్ణాంకం చేస్తే 1998 వస్తుంది. ఒక పైసా పోయింది. డబ్బును పైసల్లో పూర్ణాంకంగానో, అక్షరాల్లో స్ట్రింగుగానో పంపాలి, మూడో దారి లేదు.

పీహెచ్‌పీ వైపు పెద్ద చిక్కు అర్రే. జాబితాకూ, పేరు-విలువల పట్టికకూ పీహెచ్‌పీలో ఒకటే అర్రే. మూడు వస్తువుల కార్టులో మధ్యదాన్ని అర్రే_ఫిల్టర్‌తో తీసేస్తే 0, 2 అనే కీలు మిగులుతాయి. జేసన్_ఎన్‌కోడ్ దాన్ని జాబితాగా కాకుండా ఆబ్జెక్టుగా రాస్తుంది. జావాలో జేసన్‌ను చదివే జాక్సన్ లైబ్రరీ జాబితా కోసం చూసి, ఆబ్జెక్టు కనపడగానే తిరస్కరిస్తుంది. కస్టమరు ఏదైనా తీసేసినప్పుడే, అదీ చివరిది కానప్పుడే వచ్చే తప్పు ఇది, టెస్టులో దొరకదు. అర్రే_వాల్యూస్ చుడితే పోతుంది. సోప్‌లో దీనికి అన్న ఉన్నాడు: ఆర్డరులో రెండు వస్తువులుంటే అర్రే వస్తుంది, ఒక్కటే ఉంటే అర్రే లేకుండా ఆ ఒక్క ఆబ్జెక్టే వస్తుంది. సోప్_సింగిల్_ఎలిమెంట్_అర్రేస్ అనే ఫీచరు పెట్టకపోతే ఒక్క వస్తువు కొన్నవాళ్ల పేజీ పగులుతుంది.

పీహెచ్‌పీ గడియారం సెకన్లలో, జావా గడియారం మిల్లీసెకన్లలో. 1700000000 అని పీహెచ్‌పీ పంపితే జావా దాన్ని 1970 జనవరి 20 అని చదువుకుంటుంది. ఇది కళ్లకు కనిపించే తప్పు, దొరికిపోతుంది. దొరకనిది పుట్టినతేదీ. మన అర్ధరాత్రి యూటీసీలో ముందురోజు సాయంత్రం 18:30. పుట్టినతేదీని సమయంతో కలిపి పంపితే, ఒక సర్వర్ యూటీసీలో ఉంటే, అందరూ ఒకరోజు ముందే పుట్టేస్తారు. తేదీ తేదీగానే, సంవత్సరం-నెల-రోజు స్ట్రింగుగా వెళ్లాలి.

ఇక మన పేర్లు. "వెంకటేశ్వరరావు" అన్న పేరులో యూనికోడ్ లెక్కన 14 సంకేతాలు. వత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్క. ఒక్కో తెలుగు సంకేతం యూటీఎఫ్-8లో మూడు బైట్లు. జావా ఆ పేరు పొడవు 14 అంటుంది, బైట్లు లెక్కపెట్టే పీహెచ్‌పీ స్ట్ర్‌లెన్ 42 అంటుంది. ఒరాకిల్ డేటాబేస్‌లో వర్‌క్యార్2(30) అని రాస్తే మామూలుగా అది 30 బైట్లు, కాబట్టి జావా వాలిడేషన్ దాటిన పేరు ఓఆర్ఏ-12899 ఎర్రర్ దగ్గర ఆగిపోతుంది. కాలమ్ నిర్వచనంలో 30 క్యార్ అని స్పష్టంగా రాయాలి. పీహెచ్‌పీలో ఎవరైనా సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌తో 20 బైట్లకు కోస్తే ఏడో సంకేతమైన "శ" మధ్యలో తెగుతుంది; తెగిన యూటీఎఫ్-8ను జేసన్_ఎన్‌కోడ్ తీసుకోదు, ఫాల్స్ ఇచ్చి ఊరుకుంటుంది. జావాకు ఖాళీ బాడీ వెళ్తుంది. పీహెచ్‌పీ 7.3 నుంచి, ఎక్సెప్షన్ విసరమని చెప్పే జేసన్_త్రో_ఆన్_ఎర్రర్ ఉంది, దాన్ని ప్రతి చోటా పెట్టాలి. జావా 18కి ముందు డిఫాల్టు క్యారక్టర్ సెట్ సర్వర్ లొకేల్‌ను (భాష, అక్షరాల సెట్టింగును) బట్టి ఉండేది. ఇంగ్లిషు అక్షరాలే తెలిసిన పోసిక్స్ లొకేల్‌లో లేచిన పాత జావా, ఎన్‌కోడింగ్ చెప్పకుండా బైట్లుగా మారిస్తే ఆ పేరు సరిగ్గా 14 ప్రశ్నార్థకాలవుతుంది. ప్రశ్నార్థకాల సంఖ్య సంకేతాల సంఖ్యతో సరిపోయిందంటే తప్పు అక్షరాలను బైట్లుగా మార్చేచోట ఉందని అర్థం.

ఒప్పుకోవాల్సినవి

ప్రతిదానికీ కిటికీ దగ్గరికి వెళ్తే పేజీలు నెమ్మదిస్తాయి అన్న అభ్యంతరంలో బలం ఉంది. 40,000 వస్తువుల కేటలాగును ప్రతి పేజీకీ జావాను అడగకూడదు. దాని నకలు పీహెచ్‌పీ సొంత డేటాబేస్‌లో ఉండాలి, పావుగంటకోసారి మారినవి తెచ్చుకోవాలి. చూపించే స్టాకు ఉజ్జాయింపుగా ఉన్నా ఫర్వాలేదు, ఆర్డరు తీసుకునేటప్పుడు జావా చెప్పిందే లెక్క. వెంటనే జవాబు అక్కర్లేని పనులను క్యూలో వెయ్యడం ఇంకా మంచిది. అక్కడా చిన్న ముల్లు ఉంది: యాక్టివ్‌ఎంక్యూ అనే సందేశాల క్యూకు స్టాంప్ (STOMP) ప్రోటోకాల్ ద్వారా పంపేటప్పుడు కంటెంట్-లెంగ్త్ హెడర్ ఉంటే జావాకు అది బైట్స్‌మెసేజ్‌గా చేరుతుంది, లేకపోతే టెక్స్ట్‌మెసేజ్‌గా. టెక్స్ట్ వస్తుందని రాసిన జావా కోడు మొదటిదాని మీద క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్‌తో పడిపోతుంది.

జాస్పర్‌రిపోర్ట్స్‌తో పీడీఎఫ్ తియ్యడంలాంటి పనికి బ్రిడ్జి వాడేవాళ్లను నేను తప్పుపట్టను. అక్కడ జావా ఒక లైబ్రరీ, దాని జ్ఞాపకంలో మన ఆర్డర్లు లేవు. లోకల్ అడ్రసుకు కట్టేసి, బయటి పోర్టు మూసి, ఒక్క ఫంక్షను వెనక దాచుకుంటే నష్టం లేదు. పొర రాయడానికి టైం లేదన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. సైటు నిజంగా ఏమేం అడుగుతోందో కాగితం మీద రాస్తే ఏడెనిమిది పనులు తేలతాయి. అంతకు మించి ఉన్నాయంటే, జావాలో ఉండాల్సిన నియమాలు అప్పటికే పీహెచ్‌పీలోకి జారిపోయాయన్నమాట, ముందు అది సర్దుకోవాలి.

సోప్ వాడుతున్నవాళ్లు జావా వైపు మార్పు విడుదల చేసిన రోజున డబ్ల్యూఎస్‌డీఎల్ (సర్వీసును వర్ణించే ఫైలు) కాష్‌ను గుర్తుంచుకోవాలి. దాని డిఫాల్టు ఆయుష్షు 86,400 సెకన్లు. నాలుగు వెబ్ సర్వర్లుంటే ఒక్కోదాని కాష్ ఒక్కో వేళకు తీరుతుంది, కాబట్టి నాలుగోవంతు మందికి పని చేసి మిగతావాళ్లకు చెయ్యని సమయం ఒకటి వస్తుంది. విడుదల స్క్రిప్టులోనే ఆ కాష్ ఫైళ్లను తుడిచే వరుస పెట్టాలి.

రెండు టీములూ కలిసి ఒక నమూనా ఫైలు ఉంచుకోవాలన్నది ఇక్కడ నా ఆఖరి పట్టు. అందులో ఒకే ఆర్డరు: కొన్నది ఒక్క వస్తువు, మొత్తం 19.99, పేరు వెంకటేశ్వరరావు, పుట్టినతేదీ ఉంది, కూపన్ల జాబితా ఖాళీ. పీహెచ్‌పీ బిల్డ్ ఆ ఆర్డరును తయారుచేసి ఫైలుతో పోల్చి చూస్తుంది. జావా బిల్డ్ అదే ఫైలును చదివి, పైసలు 1999, పేరు పొడవు 14, తేదీ మారలేదు అని సరిచూసుకుంటుంది. ఎవరి వైపు తేడా వచ్చినా వాళ్ల బిల్డ్ ఆ పూటే ఎర్రబడుతుంది.